దేవుని కుండలో బియ్యం

ఆ రోజుల్లో మా పాలెంలో ప్రతి ఇంటి పొయ్యి పక్కనా రెండు కుండలుండేవి. పెద్దది ఇంటివాళ్ళది. చిన్నదానికి మెడ కింద సున్నంతో సిలువ గుర్తు వేసి ఉండేది. దాన్ని దేవుని కుండ అనేవాళ్ళు. ఎసరు పెట్టి, బియ్యం కొలిచి, కడగబోయే ముందు ఇంటి ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ చిన్న కుండలో వేసేది. పూటకో పిడికెడు. ఆదివారం ఆ బియ్యం కొంగున కట్టుకొచ్చి గుడిలో బల్ల ముందున్న వెదురు బుట్టలో పోసేది. ఇప్పటికీ కొన్ని ఊళ్ళల్లో ఈ అలవాటుంది, మీలో చూసినవాళ్ళుంటారు.

ఆ బుట్ట చివరికి చేరేది ఉపదేశి ఇంటికే. ఉపదేశి అంటే పాస్టరు కాదు. పాస్టరుగారు బెజవాడలో ఉండి రెండు నెలలకోసారి వచ్చి ప్రభురాత్రి భోజనం ఇచ్చి వెళ్ళేవారు. మిగతా రోజుల్లో ప్రార్థన చేయించేదీ, పిల్లలకి అక్షరాలు దిద్దించేదీ, పెళ్ళికీ చావుకీ ముందు నిలబడేదీ ఉపదేశే. కంకిపాడు అవతల, కాలవ గట్టు మీదున్న ఆ పాలెంలో మా తాత ఆమోసుగారు పన్నెండేళ్ళు ఆ పని చేశారు. యుద్ధం వచ్చాక మిషను ఇచ్చే జీతం సగమైంది. బుట్టలో బియ్యమే ఆ ఇంటికి ఆధారం. ఈ సంగతంతా నాకు చెప్పింది మా నాయనమ్మ ఎస్తేరమ్మ. తాత కూడా చెప్పారు, జీవితంలో ఒకే ఒక్కసారి.

దానమ్మ గురించి ముందు చెప్పాలి. పాతికేళ్ళ మనిషి. చదువు రాదు. విన్న వాక్యం మాత్రం మర్చిపోయేది కాదు. గుడి ముందు వేపచెట్టుకి రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీసి ఉండేది, అదే గంట. ఆదివారం ప్రార్థన అయ్యాక దానమ్మ ఆ చెట్టు కింద నిలబడి ఆమోసుగారి కోసం కాచుకునేది. వారానికో ప్రశ్న.

"అయ్యగారూ, నోవహు ఓడలోకి దోమల్ని కూడా ఎక్కించుకున్నాడా?"

"ఎక్కించుకునే ఉంటాడమ్మా. అన్నిట్నీ జతలు జతలుగా ఎక్కించుకోమన్నాడుగా దేవుడు."

"ఆ ఒక్క జతనీ అక్కడే చేత్తో కొట్టేస్తే అయిపోయేదిగా! అంత నీతిమంతుడికి ఆ మాత్రం తట్టలేదా?"

సంఘ పెద్ద అబ్రహాము కసిరేవాడు. "ఆడదానివి, నీకిన్ని అనుమానాలెందుకే?"

"అనుమానం కాదు మావా. రాత్రంతా నన్ను కుట్టినయ్యి, నోవహుని కుట్టలేదేమోనని."

అందరూ నవ్వేవాళ్ళు. అందరికంటే ఎక్కువ ఆమోసుగారు నవ్వేవారు. ఇంటికొచ్చి, "ఎస్తేరూ, మిగతావాళ్ళకి వాక్యం చెవిదాకా వస్తుంది. ఆ అమ్మకి కడుపులోకి దిగుతుంది" అనేవారట. దానమ్మ కూతురు సంపూర్ణకి ఆరేళ్ళు. తల్లి కొంగు పట్టుకుని నిలబడి, తల్లి అడిగిందే మళ్ళీ తనూ అడిగేది.

అది 1946 వేసవి. యుద్ధమైతే ఆగింది గానీ బియ్యం రాలేదు. రైతుల దగ్గర ధాన్యం సర్కారువాళ్ళు పట్టుకుపోతున్నారు. కాలవలు కట్టేశారు, పొలం పనుల్లేవు. కంట్రోలు డిపోలో జొన్నలిస్తున్నారు. పుట్టి బుద్ధెరిగి జొన్నకూడు తినని డెల్టా జనం, పొట్టు గొంతుకడ్డం పడుతుంటే నీళ్ళు తాగి మింగుతున్నారు. దానమ్మ మొగుడు జక్కయ్య బెజవాడ వెళ్ళి గూడ్సు షెడ్డులో బస్తాలు మోస్తున్నాడు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారేసరికి వెళ్ళిపోయేవాడు.

గుడిలో బుట్ట అడుగు కనపడటం మొదలైంది. ఒక ఆదివారమైతే రెండు సోలలు కూడా రాలేదు.

అబ్రహాము బుట్ట వంచి చూసి అన్నాడు. "అయ్యగారూ, మీరు మెత్తగా చెప్తన్నారు. మెత్తగా చెప్తే ఈ జనం వింటారా? ఒక గట్టి వాక్యం తీయండి."

ఏ ఆదివారం ఏ పాఠం చెప్పాలో మిషనువాళ్ళు అచ్చేసిన పట్టీ ఒకటి పంపేవారు. తర్వాతి వారానికి పట్టీలో ఉన్నది పంటచేల పాఠం. విశ్రాంతి దినాన ఆకలేసిన శిష్యులు వెన్నులు తుంచుకుని తింటే పరిసయ్యులు తప్పు పట్టారు. అప్పుడు యేసుప్రభువు వాళ్ళకి దావీదు సంగతి గుర్తుచేశాడు. ఆకలితో ఉన్న దావీదు దేవుని మందిరంలోకి వెళ్ళి, యాజకులు తప్ప ఇంకెవరూ ముట్టకూడని రొట్టెలు తిన్నాడు, తనతో ఉన్నవాళ్ళకీ పెట్టాడు. అదీ పాఠం.

శనివారం మా నాయనమ్మ అడిగిందట. "రేపు దావీదు రొట్టెల పాఠం కదండీ?"

"ఇప్పుడా పాఠం చెబితే బుట్టలో ఒక్క గింజ పడదు. పంటలొచ్చాక చెప్దాంలే."

ఆ ఆదివారం ఆమోసుగారు అపొస్తలుల కార్యాలు తెరిచి అననీయ, సప్పీరల సంగతి చెప్పారు. పొలం అమ్మిన సొమ్మంతా దేవుడికిచ్చామని చెప్పి, కొంత దాచుకుని, ఒకరి తర్వాత ఒకరు పేతురు కాళ్ళ దగ్గర పడి చచ్చిన మొగుడూ పెళ్ళాల కథ. ఆయన కథ చెబితే కళ్ళకి కట్టేది. మొగుడు చచ్చిన సంగతి తెలియని సప్పీర మూడు గంటల తర్వాత లోపలికి రావడం, ఆమె మొగుణ్ణి పూడ్చిపెట్టి వస్తున్న వాళ్ళ కాళ్ళ చప్పుడు గుమ్మం దగ్గర వినపడటం... అక్కడ ఆయన ఆగి, చెక్క బల్ల మీద వేళ్ళతో అడుగుల చప్పుడు చేశారట. పసివాళ్ళు కూడా ఏడుపు ఆపేశారు.

"కుండలో పడకముందు అది నీది. పడ్డాక నీది కాదు. ఒక్క గింజ వెనక్కి తీసినా పరిశుద్ధాత్మ దగ్గర దాచినట్టే. గుమ్మం దగ్గర ఆ కాళ్ళ చప్పుడు మనింటికీ వస్తుంది, జాగ్రత్త!"

తర్వాతి ఆదివారం బుట్ట అంచుదాకా నిండింది. ఆ రోజు మా నాయనమ్మ ఇంట్లో అందరికీ కడుపునిండా అన్నం వండింది. ఆ అన్నం ఎంత రుచిగా ఉందో చెప్పబోయి, ముసలితనంలో కూడా సగంలో ఆపేసి తల దించుకునేది.

అదే వారంలో సంపూర్ణకి జ్వరం తగిలింది. కంకిపాడు నుంచి కాంపౌండరు తిరుపతిరావుగారు సైకిలు మీద వచ్చి చూసి, విషజ్వరమన్నారు. ఇరవై ఒక్క రోజులు పిల్ల మంచం దిగలేదు. దానమ్మ గుడికి రాలేదు. ఇంట్లో బియ్యం ఉన్నన్నాళ్ళూ పూటకో పిడికెడు మాత్రం దేవుని కుండలో వేస్తూనే ఉంది. బుట్టలో పోయడానికి వెళ్ళే వీల్లేక ఆ బియ్యం కుండలోనే పోగయ్యాయి. తర్వాత పెద్ద కుండ ఖాళీ అయింది. డిపో జొన్నలు మిగిలాయి.

ఇరవై రెండో రోజు జ్వరం జారింది. షెడ్డులో పని తెమలక ఆ వారం జక్కయ్య ఇంటికి రాలేదు. తిరుపతిరావుగారు పిల్ల నాలుక చూసి, పొట్ట నొక్కి చూసి లేచారు.

"గండం గడిచినట్టేనమ్మా. కానీ పేగు పుండులాగుంది. పది రోజులు పాత బియ్యం మెత్తగా ఉడకబెట్టి, పిసికి, జావ పట్టు. జొన్న మాత్రం పెట్టమాక. అంబలి కూడా వద్దు. వినపడిందా?"

"వినపడింది బాబుగారూ."

ఆయన వెళ్ళాక సంపూర్ణ నీరసంగా అడిగింది. "అమ్మా, అన్నం పెడతావా?"

దానమ్మ పక్కిల్లు అడిగింది, ఎదురిల్లు అడిగింది. "దేవుని కుండలోవి తప్ప మా ఇంట గింజ లేదే" అన్నారు. ఎవరింట్లోనైనా అదే మాట. తిరిగొచ్చి తన దేవుని కుండ మూత తీసి చూసింది. మూడు సోలల పైనే ఉంటాయి. పిల్లకి పది రోజులు సరిపోతాయి. చూసి మూత పెట్టేసింది.

మర్నాడు సోమవారం పొద్దున్నే ఆమోసుగారింటికి వచ్చింది. ఆయన నెలవారీ కూటానికి బెజవాడ బయల్దేరుతున్నారు. చంకలో గొడుగు, చేతిలో సంచి. రోడ్డు మీద బొగ్గుతో నడిచే బస్సు ఒక్కటే, అది తప్పితే రోజంతా పోయినట్టే. లోపల నాయనమ్మ గంజి వారుస్తోంది, ఆ వాసన వాకిట్లోకి వస్తోంది.

"అయ్యగారూ, ఒక మాట."

"అడుగమ్మా, అడుగు. బస్సు వేళయింది, నడుస్తా మాట్లాడుకుందాం."

దానమ్మ పక్కన నడిచింది. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ.

"ఆ సప్పీరమ్మ ఉందే... దాచుకుందాన్ని ఆనక తెచ్చి ఇచ్చేస్తానంటే, దేవుడు ఊరుకునేవాడా?"

ఆమోసుగారికి సంతోషమేసింది. ఎప్పుడో నెల కిందట చెప్పిన వాక్యం, ఈ మనిషి ఇంకా నెమరేసుకుంటోందే అనుకున్నారు.

"ఆనక అనే మాటకి తావు లేదమ్మా. దేవుడి సొత్తు ముట్టుకోవడమే తప్పు. మళ్ళీ పెట్టేస్తాననుకుంటే తప్పు కాకుండా పోద్దా?"

"అవసరం పడి తీసినా?"

"అవసరం లేనిదెవరికమ్మా? సప్పీరకీ ఏదో అవసరం ఉండే ఉంటుంది. ఆ అవసరం దేవుడికి తెలియదా?"

"తెలుసుద్దిలే" అంది దానమ్మ. వేలికి చుట్టుకున్న కొంగు వదిలేసింది.

"పిల్లకెట్టా ఉంది?"

"జ్వరం జారింది అయ్యగారూ."

"స్తోత్రం! వచ్చాక ఇంటికొచ్చి ప్రార్థన చేస్తాను."

బస్సు వచ్చింది. ఆయన ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపారు. దానమ్మ రోడ్డు పక్కన అలాగే నిలబడి ఉంది. దారి పొడుగునా ఆయన పక్కనున్న మనిషికి ఆమె సంగతే చెప్పారట. చదువు రాని మనిషి లేఖనాన్ని ఎంత లోతుగా తవ్వుతోందో చూడండి, అని.

ఇంటికెళ్ళి దానమ్మ జొన్నలు విసిరింది. పిండిని పాత పంచె గుడ్డలో వేసి రెండుసార్లు జల్లించింది. నీళ్ళలా పల్చగా కాచి, మళ్ళీ వడగట్టి, చల్లార్చి పట్టింది. తన చేతనైనంత చేసింది.

"గరుగ్గా ఉందే అమ్మా" అంది సంపూర్ణ.

"కొంచెమే తాగు తల్లీ. శనివారం నాయన బెజవాడ నించి బియ్యం తెస్తాడు."

ఆకలి మీదుంది పిల్ల. ముంతెడూ తాగేసింది. మంగళవారం కూడా తాగింది. బుధవారం పొద్దున కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది, నెత్తురు పడింది. కాంపౌండరు కోసం మనిషి వెళ్ళి వచ్చేలోపు, మిట్టమధ్యాహ్నం, తల్లి ఒళ్ళో పోయింది.

జక్కయ్య ఆ సాయంత్రానికి వచ్చాడు. ఆమోసుగారు గురువారం పొద్దున వచ్చారు. కాలవ గట్టు కింద, కానుగ చెట్ల దగ్గర పూడ్చారు. కాలవలో నీళ్ళు లేవు, బురద ఎండి నెర్రెలిచ్చి ఉంది. ప్రార్థన చేస్తుంటే ఆయన గొంతు బాగానే పలికింది. అప్పటికాయనకి ఏమీ తెలియదు.

అందరూ వెనక్కి వస్తుంటే తిరుపతిరావుగారు సైకిలు దిగి ఎదురొచ్చారు. మంచివాడే, కోపమాపుకోలేకపోయాడు.

"జొన్న పెట్టొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? పాలెం మొత్తమ్మీద గుప్పెడు బియ్యం లేవా?"

దానమ్మ నేల చూస్తూ చెప్పింది. "మాయి అన్నవి లేవు బాబుగారూ."

ఆ మాట ఆమోసుగారి చెవిలో ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకో తెలియలేదు.

ఆదివారం దానమ్మ గుడికొచ్చింది. కొంగున మూట కాదు, కుండనే చంకన పెట్టుకొచ్చింది. ఆడవాళ్ళు వరసగా వెళ్ళి తమ తమ బియ్యం పోస్తున్నారు. ఆమె వంతు వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని కుండ వంచింది. బియ్యం పడుతూనే ఉన్నాయి. గుడంతా ఆ చప్పుడే. చివర్న కుండలో చెయ్యి పెట్టి తుడిచి, అడుగున అంటుకున్న నాలుగు గింజలు కూడా రాల్చింది.

"చూశారా! కడుపుకోతలో కూడా దేవుడి భాగం దేవుడికి తెచ్చింది" అన్నాడు అబ్రహాము కళ్ళు తుడుచుకుంటూ. "విశ్వాసమంటే ఇదీ!"

ఆమోసుగారు బల్ల వెనకాల నిలబడి ఆ బియ్యం వంక చూశారు. సోమవారం నాటి ప్రశ్న అప్పుడు అర్థమైంది ఆయనకి. ఆనక తెచ్చి ఇచ్చేస్తే. అవసరం పడి తీసినా. బస్సు వేళయింది, నడుస్తా మాట్లాడుకుందాం. పుస్తకం తెరిచారు గానీ అక్షరాలు ఆనలేదు. కూర్చుండిపోయారు. ఆ రోజు పాట ఒకటి పాడి అబ్రహామే ముగించాడు.

ఇంటికొచ్చాక నాయనమ్మ బుట్ట ముందు కూర్చుని చేట తెచ్చుకుంది. "పోయమంటారా ఎసట్లో?"

"ముట్టుకోకు" అన్నారాయన. "అవి ఆ పిల్లవి."

దానమ్మ పోసినన్ని బియ్యం కొలిచి గుడ్డలో కట్టుకుని ఆ మధ్యాహ్నపుటెండలో బయల్దేరారు. జక్కయ్య వాకిట్లో గొంతుక్కూర్చుని ఉన్నాడు. దానమ్మ లేచి చాప వేయబోయింది. ఆయన నేల మీదే కూర్చున్నారు. మూట ఆమె ముందు పెట్టారు.

దానమ్మ మూట వంక చూసి భయపడింది. "ఏం అయ్యగారూ, దేవుడు పుచ్చుకోలేదా? నేను ఒక్క గింజ కూడా తియ్యలేదు. ప్రమాణం చేసి చెప్తన్నా. పిల్ల అడిగినా తియ్యలేదు. నేను చేసింది సబబే గదా? మీరొక్క మాట చెప్పండి."

ఆమెకి కావలసింది ఆ ఒక్క మాటే. సబబే అంటే ఆమె దాన్ని పట్టుకుని బతికేస్తుంది. ఆయనకి ఆ సంగతి తెలుసు. దారంతా ఆ మాట చెప్పేద్దామా అని కూడా అనుకున్నారట. ఆమెకి ఓదార్పు, తనకీ క్షేమం. కానీ ఆమె మొహంలోకి చూసి అబద్ధమాడలేకపోయారు.

పుస్తకం తెరిచి, ఆ ఆదివారం చెప్పకుండా వదిలేసిన పాఠం చదివారు. దావీదు ఆకలి. దేవుని ఇంట్లో రొట్టెలు. తిన్నవాడిని దేవుడు ఏమీ అనలేదనీ, యేసుప్రభువే దాన్ని సమర్థించాడనీ. చదివి పుస్తకం మూశారు.

"తప్పు నీది కాదు తల్లీ. ఈ మాట నాకు ముందే తెలుసు. ఆ ఆదివారానికి చెప్పమని పట్టీలో కూడా ఉంది. మా ఇంట్లో కుండ కోసం దాచుకున్నాను. కొంత చెప్పి కొంత దాచుకున్న అననీయని నేనే."

దానమ్మ ఆ మూటని వేళ్ళతో తడిమింది.

"అయితే, తినొచ్చా?" అంది. "ఆ కుండలోవి, పిల్ల తినొచ్చా?"

"తినొచ్చమ్మా."

"తినొచ్చు" అని తనలో తను అనుకుంది. అప్పటిదాకా, పూడ్చేటప్పుడు కూడా, గట్టిగా ఏడవని మనిషి అప్పుడు నేల మీద పడిపోయింది. నోట్లో కొంగు కుక్కుకున్నా ఆగలేదు ఆ ఏడుపు. ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు.

జక్కయ్య లేచొచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. "ఇంక పొండి అయ్యగారూ" అన్నాడు. తిట్టలేదు. "ఈ మాట మా ఒక్కళ్ళకి చెప్తే ఏం లాభం? ఇంకా పిల్లలున్నారు పాలెంలో. అందరి ముందూ చెప్పండి."

చెప్పారు. మరుసటి ఆదివారం రెండు పాఠాలూ చెప్పారు. దావీదుది ముందు, తనది తర్వాత. అబ్రహాము మధ్యలో లేచి, "ఇదంతా ఇప్పుడెందుకు అయ్యగారూ" అన్నాడు. ఆమోసుగారు ఆగలేదు. "ఇంట్లో పసిబిడ్డకి ఆకలైతే ముందు దేవుని కుండ మూత తీయండి. తీసినందుకు ఎవరూ చావరు. తీయనందుకు ఒక పిల్ల చచ్చిపోయింది" అన్నారు. దానమ్మ లోపలికి రాలేదు. వేపచెట్టు కింద, గంట పక్కన నిలబడి వింది. ఆయన బయటికొచ్చేసరికి ఆ చెట్టు కింద ఎవరూ లేరు.

బుట్ట మళ్ళీ వట్టిపోయింది. వానలు పడి నాట్లు మొదలయ్యేదాకా మా నాయనమ్మ కూడా డిపో జొన్నలే వండింది. ఆయన ఒక్కనాడూ గరుగ్గా ఉందనలేదు.

దానమ్మా జక్కయ్యా పాలెం వదిలి బెజవాడ వెళ్ళిపోయారు. మరుసటేడు మాఘంలో ఆమోసుగారు అడుగుతూ అడుగుతూ గుణదలలో వాళ్ళ గుడిసె పట్టుకున్నారు. కొండ మీద మరియమాత తిరునాళ్ళ రోజులు. రోడ్డు నిండా జనం, కొవ్వొత్తులమ్మేవాళ్ళ కేకలు.

దానమ్మ చాప వేసింది. కాళ్ళకి నీళ్ళిచ్చింది. అమ్మగారు బాగున్నారా, పిల్లలు బాగున్నారా అని అడిగింది. ఆయన కూర్చుని ఎదురుచూశారు. అంత జనం కొండెక్కుతుంటే, గుడిసె ముందునుంచే పోతుంటే, పాత దానమ్మయితే ఎన్ని అడిగేది! ఈ కొవ్వొత్తులన్నీ దేవుడు లెక్కపెట్టుకుంటాడా అనేది, ఇంకేదో అనేది. ఏమీ అడగలేదు. ఆయనే ఏదో వాక్యం ఎత్తారు. ఊ కొట్టింది.

పొయ్యి పక్కన ఆ చిన్న కుండ ఉంది. సున్నపు సిలువ సగం రాలిపోయింది. బోర్లించి ఉంది.

వండి, పళ్ళెంలో అన్నం పెట్టి తెచ్చి ఆయన ముందు పెట్టింది. తెల్లటి బియ్యపన్నం, పొగలొస్తోంది. ఆయన చెయ్యి కడుక్కున్నారు గానీ ముద్ద కలపలేకపోయారు. తల వంచుకుని కూర్చున్నారు. కళ్ళజోడు కిందినుంచి నీళ్ళు పళ్ళెంలో పడ్డాయి.

దానమ్మ కాసేపు చూసింది. ఎదురుగా కూర్చుని పళ్ళేన్ని కొంచెం దగ్గరికి జరిపింది.

"తినండి అయ్యగారూ" అంది. "తినొచ్చు."